‘తప్పించుక’లో ‘క’ సంగతేమిటి?

మా టీమ్ కోసం డేటాబేస్ మార్పుల నియమాలు తెలుగులో రాస్తున్నాను. కాలమ్ పేరు ఒక్కసారిగా మార్చేస్తే, కొత్త కోడ్ అన్ని సర్వర్లకూ చేరేలోపు పాత కోడ్ పాత పేరు కోసం వెతికి ఎర్రర్ ఇస్తుంది. అందుకని ముందు కొత్త కాలమ్ చేర్చి, రెండింట్లోనూ రాస్తూ, పాత డేటాను విడతలుగా నింపి, అందరూ కొత్తదాన్నే చదువుతున్నారని తేలాక పాతది తీసేస్తాం. దీనికి శీర్షికగా సుమతీ శతకం పద్యంలోని ‘నొప్పింపక తాను నొవ్వక’ పెట్టాలనుంది. నొప్పింపక, నొవ్వక వ్యతిరేకాలు కదా, తరవాతి పాదం ‘తప్పించుక తిరుగువాడు’లోని ‘తప్పించుక’ కూడా అంతేనా?

— ‘తాను’ కాదండీ, ‘తా’. ఈ పద్యం కందం, దాని మూడో పాదానికి 12 మాత్రలే. ‘తాను’ అంటే 13 అవుతాయి.

— మాస్టారూ, అడిగింది ‘క’ గురించి. అది తప్పించుకొని అన్నదానికి పొట్టి రూపం. వ్యతిరేకమైతే ‘తప్పించుకొనక’ అనాలి.

— అలాగైతే ఈ పద్యం మీకు నప్పదు తమ్ముడూ. మైగ్రేషన్‌లో, అంటే ఇలాంటి డేటాబేస్ మార్పులో, తప్పించుకు తిరిగితే ఎలా? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టేబుల్‌ను మార్చే ఆదేశం ఆల్టర్ టేబుల్. అది చాలావరకు పూర్తి లాక్ అడుగుతుంది, అంటే అప్పుడు ఇంకెవరూ ఆ టేబుల్‌ను ముట్టుకోకూడదు. ముందున్న పెద్ద క్వెరీ కోసం అది ఆగిందంటే, వెనకొచ్చిన మామూలు సెలెక్ట్‌లు (డేటా చదివే క్వెరీలు) కూడా క్యూలో నిలబడిపోతాయి. లాక్ కోసం ఎంతసేపు ఆగాలో గడువు (లాక్ టైమౌట్) పెట్టుకుని, దొరక్కపోతే వదిలేసి కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి.

— అక్కా, తప్పించుక తిరగడమంటే మీరు చెప్పిందే! అయినా నా దృష్టిలో పద్యానికి ప్రాణం మొదట్లో ‘ఎప్పటికెయ్యది ప్రస్తుతము’ అన్నచోటి ‘ప్రస్తుతము’. ఇప్పటిది అని కాదు, సందర్భానికి తగినది అని. పోస్ట్‌గ్రెస్ 11 (2018) నుంచి స్థిరమైన డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చినా టేబుల్ మొత్తం తిరగరాయదు. ఇంకో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో మూడు ఆల్టర్‌లున్న మైగ్రేషన్ రెండోదాని దగ్గర ఫెయిలైతే మొదటిది వెనక్కి రాదు, ఆల్టర్ తనంతట తానే కమిట్ (ఖాయం) అవుతుంది. రెండుచోట్లా ఒకే నియమం రాస్తే ఎలా?

— శతకకారుడి ‘ప్ప’ ప్రాస ఎవరికీ పట్టలేదా? ‘అప్పిచ్చువాడు వైద్యుడు’లో అదే, ‘ఎప్పుడు సంపద కలిగిన’లో అదే. ‘తెప్పలుగ’ వెంటనే ‘కప్పలు’ వస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో! ఈ శతకం పద్యాలు బద్దెన రాసినవి కావనేవాళ్లు ఉన్నారు, నాకు మాత్రం ఇవన్నీ ఒకే చేతి పద్యాలు.

— కర్తృత్వం మీద వేరే చర్చ పెట్టండి, తప్పక వస్తాను. నేను నేర్చుకున్నది ‘తప్పించుకు తిరుగువాడు’. గణం రెండింటికీ సరిపోతుంది. ‘కు’ అయితే వ్యతిరేకమన్న అనుమానమే రాదు. పాత ముద్రణలు ఉన్నవాళ్లు ఆ పేజీ ఫొటో పెట్టండి.