‘ముందు కాలితే’నా, ‘మందు కాలితే’నా?

అరక: పాత ఫెర్గూసన్ టీఈ-20 ట్రాక్టరుకి రవ్వ పడే టైమింగ్ కడుతున్నాం. షెడ్డు తలుపు లోపలివైపు ఎప్పటి మేస్త్రీయో సుద్దతో ‘ముందు కాలితే మోత, వెనక కాలితే వేడి’ అని రాశాడు. ‘ము’ అనుకుంటున్నాను గానీ, కొమ్ము ఉండాల్సిన చోట చెక్క పెచ్చు లేచింది. ‘మందు’ కూడా కావచ్చు. ఈ మాట ఎవరైనా విన్నారా? దీనికి ముందూ వెనకా ఇంకేమైనా ఉందా?

ఛందోభిమాని: తలుపును పరీక్షించడం దేనికి? ‘ము’కు ‘మో’ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జత) చెల్లుతుంది, ‘వె’కు ‘వే’. ‘మ’కు ‘మో’ చెల్లదు.

పానా: యతి సంగతి నాకు తెలియదు, ఇంజను మాత్రం ‘ముందు’ అనే అంటుంది. రవ్వ మరీ ముందు పడితే పైకి వస్తున్న పిస్టన్‌కు ఎదురుదెబ్బ తగిలి టకటక మోత. హ్యాండిల్ తిప్పేవాడి మణికట్టుకూ ముప్పే. ఆలస్యమైతే ఎగ్జాస్ట్ వాల్వు తెరిచేసరికి ఇంకా మండుతూనే ఉంటుంది. గొట్టం ఎర్రబడుతుంది, రేడియేటర్ మరుగుతుంది.

తాటాకు: మందు అనగానే అందరికీ సీసాయే గుర్తొస్తుందా? తుపాకిలో కూరేదీ మందే. సిలిండర్లో నొక్కిపెట్టిన పెట్రోలు ఆవిరిని మేస్త్రీ మందు అన్నాడు. ‘వెనక’ ఇక్కడ కాలం కాదు, చోటు. సైలెన్సర్ వైపు అని.

పానా: మందు కాలడమే మోతైతే, బండి నడిచినంతసేపూ మోతే. అది తలుపు మీద రాసుకునేంత సంగతా?

బడిపంతులు: ఇది తేటగీతి పద్యం ముక్క. గణాలు చూడండి: ముందు గలం, కాలితే రగణం, మోతవె భగణం. పూర్తి పద్యం ఎక్కడో ఉంటుంది. వేమన పేరుతో తిరిగే చాటువుల్లో వెతకండి.

ఛందోభిమాని: నాలుగో గణం మొదట యతి రావాలి కదా మాస్టారూ, అక్కడ ‘న’ ఉంది. ఆ చోట సూర్యగణం పడాలి, ‘నక కా’ ఏ సూర్యగణం? పైగా వేమన అంటే ఆటవెలది, తేటగీతి కాదు.

బడిపంతులు: ఆటవెలదే, కాదన్నదెవరు? నాలుగో పాదం మకుటానికి ఇచ్చేసి, రెండు పాదాల్లో సంగతి చెప్పి, మూడోదాంట్లో ఒక పోలికతో కొట్టడం ఇంకెవరికి సాధ్యం? సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించిన తర్వాత కూడా పాఠాంతరాల తగువు తీరలేదు. మీరేమో తలుపు మీది సుద్దరాతకు శుద్ధపాఠం తేలుస్తామంటున్నారు.

అరక: అయ్యా, బండి ఇంకా విప్పే ఉంది.

పానా: ముందు డిస్ట్రిబ్యూటర్ (రవ్వను సిలిండర్లకు పంచే డబ్బా) లోపల తెరుచుకుని మూసుకునే పాయింట్ల సందు సరిచూడండి. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ మీదకు తెచ్చి, ఫ్లైవీల్ గుర్తు కలపండి. డబ్బాలో తిరిగే రోటర్ ఒకటో వైరు వైపే చూస్తోందా? పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ డిస్ట్రిబ్యూటర్ తిప్పండి. కాగితం జారిన చోటే బిగించండి. సిలిండర్లు కాలే వరుస 1-3-4-2.

తాటాకు: మీరు టైప్ చేసింది ‘వెనక’. తలుపు మీద ‘వెనక’నా, ‘వెనుక’నా?

అరక: అక్కడా కాస్త చెరిగింది. ‘న’ కింద ఏదో ఉన్నట్టే ఉంది.

ఛందోభిమాని: ఫొటో పెట్టండి. గణం మారదు గానీ, మేస్త్రీ బడిలో ఎంతవరకు చదివాడో తేలుతుంది.

బడిపంతులు: తేలదు. నేను చదివింది ఎం.ఏ. తెలుగు, రాసేది ‘వెనక’.