సోమవారం మీటింగ్ ఇక నేనే నడపాలి, సలహా ఇవ్వండి

ప్రశ్న (మాదాపూర్ నుంచి):
మా రివ్యూ మీటింగ్ వచ్చే వారం నుంచి నాకు అప్పగించారు. ఇక్కడ ఎనిమిది మంది, డల్లాస్ నుంచి ముగ్గురు. ఒక సీనియర్ మొదలుపెడితే ఆపరు, డల్లాస్ వాళ్లు నోరు విప్పరు. చివర్లో నా స్లైడ్లు కూడా. ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఎజెండాలో ‘రిలీజ్ స్టేటస్’ అని రాయకండి. ‘రిలీజ్ ఈ శుక్రవారమా, వచ్చే వారమా?’ అని రాయండి. తేల్చాల్సింది ఏమిటో తెలిస్తేనే జనం సిద్ధమై వస్తారు. 2004లో జెఫ్ బెజోస్ అమెజాన్ పెద్దల మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపించి, రాసిన నోట్‌ను అందరూ ముందు మౌనంగా చదివే పద్ధతి పెట్టారు. మీరు ఒక్క పేజీతో మొదలుపెట్టండి, చాలు.

సీనియర్ గారిని మధ్యలో ఆపడం తప్పు కాదండీ. ‘సర్, ఇది ముఖ్యమైన విషయం, రాసుకున్నాను. మీటింగ్ అయ్యాక మనిద్దరం కూర్చుందాం’ అనండి. అన్నాక నిజంగా కూర్చోవాలి, లేకపోతే రెండోసారి వినరు.

మరో జవాబు:
ప్రతి అంశం మీదా డల్లాస్ వాళ్లను ముందు అడగండి, పేరు పెట్టి. మీటింగ్ టైమ్ కూడా చూసుకోండి, నవంబర్‌లో అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. మన సాయంత్రం ఏడు వాళ్లకు పొద్దున ఎనిమిదిన్నర కాదు, ఏడున్నర అవుతుంది. పిల్లల్ని స్కూల్లో దింపే వేళ.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్. మినిట్స్ కూడా నేనే రాయాలా?

మొదటి జవాబిచ్చినవారు:
వద్దు. రాస్తూ ఉంటే మనుషుల ముఖాలు చూడలేరు. వారానికొకరికి అప్పగించండి. ఏ పని, ఎవరిది, ఎప్పటికి, అంతే రాయమనండి.