కోటిపల్లి లైన్ మోడల్: ఫోటో తీస్తే బొమ్మల కొలువే
ప్రశ్న: అందరికీ నమస్తే. కాకినాడ - కోటిపల్లి లైన్ అంటే పిచ్చి నాకు, రెండో ప్రపంచ యుద్ధం టైంలో పట్టాలు పీకేసి మళ్ళీ 2004లో వేశారు కదా అదే, రైల్ బస్సు తిరిగేది. ఆరడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ సైజు మోడల్‌గా (అసలు దానిలో 87వ వంతు) ఒక హాల్టు, కొబ్బరి చెట్లు, వరిచేలు కట్టా. కంటికి బానే ఉంది, ఫోన్లో తీస్తే మాత్రం బొమ్మల కొలువే. ఏం చెయ్యాలి?

జవాబు 1: పైనుంచి తీస్తున్నారా అండీ? 1:87లో మనిషి రెండు సెంటీమీటర్లే, లెన్స్ ఆ మనిషి కళ్ళ ఎత్తుకి దించాలి. ఫోన్ తలకిందులుగా పట్టుకోండి, లెన్స్ కిందకొస్తుంది.

జవాబు 2: లైటు ఒక్కటే పెట్టు బ్రో, రెండు నీడలు పడితే దొరికిపోతావ్. ఫోన్ కదలకుండా పెట్టి ఫోకస్ ముందు నుంచి వెనక్కి జరుపుతూ ఐదారు తీసి సాఫ్ట్‌వేర్లో కలుపు, ముందు పట్టా వెనక బోగీ రెండూ క్లియర్‌గా వస్తాయి.

జవాబు 3: ఇంకోటి, హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మి.మీ. మన బ్రాడ్ గేజ్ (పెద్ద లైన్) 1676 మి.మీ., 87తో భాగిస్తే 19 పైన రావాలి. ఎదురుగా తీస్తే పట్టాలు ఇరుగ్గా కనపడతాయి, పక్కనుంచే తీయండి. పట్టాల పక్కలకి తుప్పు రంగు వేశారా?

ప్రశ్న అడిగినవారు: వెయ్యలేదండీ 😅 తళతళా మెరుస్తున్నాయి. ఆదివారం ఆ పని మీదే ఉంటా.