అప్‌డేట్: పాపకి ఇన్సులిన్ వేయాలంటే చేతులు వణుకుతున్నాయని అడిగింది నేనే

మూడు నెలల క్రితం అడిగాను, గుర్తుందా? మా ఏడేళ్ల పాపకి టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగర్ జబ్బు) అని తేలింది, రాత్రి షుగర్ పడిపోతే ఏం చేయాలో తెలియక నిద్ర పట్టట్లేదని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

సూది భయం పది రోజుల్లో పోయింది. ఇప్పుడు ఏ వైపు వేయాలో పాపే చెబుతుంది, "నిన్న కుడి తొడ, ఇవాళ ఎడమ" అని. తినేదాన్ని బట్టి ఇన్సులిన్ డోసు వేయాలి కదా, అన్నం కొలవడమే ఎక్కువ కష్టమైంది. వంటింట్లో చిన్న త్రాసు పెట్టాం. మా అత్తయ్య మొదట నవ్వారు, ఇప్పుడు ఇడ్లీలు కూడా ఆవిడే తూస్తున్నారు!

అసలు పరీక్ష పోయిన నెల వచ్చింది. రాత్రి 2 గంటలకి చూస్తే షుగర్ 62కి పడిపోయింది. ఒళ్లంతా చెమట. మా ఆయన చాక్లెట్ తీశారు, నేనే వద్దన్నాను. అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి షుగర్ మెల్లగా ఎక్కుతుందని డాక్టర్ చెప్పారు. పాప మెలకువగానే ఉంది, మింగగలుగుతోంది. అందుకని 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాను. ఆ పావుగంట ఎంత పొడుగో! మళ్లీ చూస్తే 94. అప్పుడు ఏడ్చాను, అంతకు ముందు కాదు.

స్కూల్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మధ్యాహ్నం డోసు కోసం రోజూ నేనే వెళ్తున్నాను. క్లాస్ టీచర్‌కి లో షుగర్ లక్షణాలు ఒక కాగితం మీద రాసిచ్చాను, గ్లూకోజ్ పొట్లం బ్యాగ్ ముందు జేబులో ఉంటుంది.