తూటాలు ఎడమకు, కిందికి పడుతున్నాయి: పిస్టల్ సైట్ జరపాలా, నా చేతిని సరిచేసుకోవాలా?

ఆత్మరక్షణ కోసం గ్లాక్ 19 పిస్టల్ తీసుకుని మూడు నెలలైంది. రేంజ్‌లో 7 మీటర్ల నుంచి కాలుస్తుంటే తూటాలన్నీ టార్గెట్ మధ్యకు ఎడమ పక్కన, కాస్త కిందికి గుంపుగా పడుతున్నాయి. నాది కుడిచేతి వాటం. పిస్టల్ మీద గురి చూసే వెనక సైట్‌ను కొంచెం కుడికి జరిపితే చాలని ఒకాయన అన్నారు. నాకు మనసొప్పడం లేదు. ఎందుకంటే, మొన్న నా స్నేహితుడు నాకు చెప్పకుండా మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టెలో) రెండు డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపాడు. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు లేదు కానీ, పిస్టల్ మూతి మాత్రం చటుక్కున కిందికి వంగింది. నా కళ్లతో నేనే చూశాను. అదే పిస్టల్‌తో అతను కాలిస్తే మధ్యలోనే పడ్డాయి. అంటే తప్పు నా వేలిదే కదా?

తూటాలు వేరే గదిలో పెట్టి, ఛాంబర్ (పిస్టల్‌లో తూటా కూర్చునే చోటు) రెండుసార్లు చూసుకుని, ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన చేస్తున్నాను. చప్పుడుకు ముందే వచ్చే ఈ ఉలికిపాటు మీకెలా పోయింది? ఎన్నాళ్లు పట్టింది?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. నడుం దగ్గర ప్యాంటు లోపల పెట్టుకునే నా తోలు హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) మెత్తబడి, అంచు లోపలికి మడుచుకుంటోంది. గ్లాక్‌కు విడిగా సేఫ్టీ మీట లేదు. పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు ఆ అంచు ట్రిగ్గర్‌కు తగిలితే? దాన్ని వాడటం ఆపేశాను. కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్ రోజంతా పెట్టుకున్నవాళ్లు ఎలా ఉందో చెప్పగలరా?