నగరానికి ఊపిరితిత్తులు అయితేనే అడవికి విలువా?

ప్రశ్న (కొండాపూర్ నివాసి):
2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేత మొదలైనప్పటి నుంచి ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు దాన్ని ఆపించేవరకూ, ఆ 400 ఎకరాల గురించి మనం వినిపించిన వాదనలను మళ్లీ తలచుకుంటే నాకు అసంతృప్తిగా ఉంది. నగరానికి ఊపిరితిత్తులన్నాం, భూగర్భజలాలు నిలుస్తాయన్నాం, ఎండ వేడి తగ్గుతుందన్నాం. అవన్నీ నిజమే. అయితే చుక్కల దుప్పులకు, నెమళ్లకు ఆ నేల ఎందుకు కావాలని అడిగినవారు కొద్దిమందే. ఎక్కువగా అవి మన వాదనకు బలం చేకూర్చే ఫొటోలుగానే మిగిలిపోయాయి. రేపు ఎవరైనా అంతే నీటిని ఇంకించే గుంతలూ, అంతే గాలిని శుభ్రపరిచే యంత్రాలూ తెచ్చిపెడితే మన దగ్గర ఇంకే సమాధానం ఉంటుంది? మనిషికి ఉపయోగం అన్న ఊతం లేకుండా ప్రకృతి పక్షాన మాట్లాడటం సాధ్యమేనా, లేక అది భావుకత మాత్రమేనా?

సమాధానం (న్యాయవాది, హిమాయత్‌నగర్):
భావుకత కాదండీ. జంతువుల జీవితానికి మన ప్రయోజనంతో నిమిత్తం లేని విలువ ఉందని సుప్రీంకోర్టు 2014లోనే జల్లికట్టు కేసులో చెప్పింది. మన వరంగల్ జిల్లా కోంపల్లి అటవీ భూమి కేసులో 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు కూడా మనిషి కేంద్రంగా సాగే ఆలోచనను ప్రశ్నించింది. అయితే 2023లో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు సవరణ చట్టాన్ని సమర్థించి జల్లికట్టుకు అనుమతినిచ్చిందన్న సంగతి కూడా మరవకూడదు.

అసలు చిక్కంతా ఆ విలువ పక్షాన ఎవరు మాట్లాడాలన్నదాంట్లో ఉంది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు చట్టపరమైన వ్యక్తి హోదా (మనిషిలాగే దావా వేయగల, దావాను ఎదుర్కోగల హోదా) ఇచ్చి, ప్రభుత్వ అధికారులనే వాటికి సంరక్షకులుగా నియమించింది. వరదలో నష్టపోయినవారు ఆ అధికారుల మీద దావా వేస్తే ఏం చేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఆందోళన చెందింది. జులైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. అదే ఏడాది న్యూజీలాండ్ వాంగానుయ్ నదికి ఆ హోదా ఇస్తూ, నది తరఫున మాట్లాడే ఇద్దరిలో ఒకరిని మావోరీ తెగలు, మరొకరిని ప్రభుత్వం ఎంపిక చేయాలని చట్టంలోనే రాసింది. మూసీ సంగతి చూడండి. వేలమందిని బలిగొన్న 1908 సెప్టెంబరు వరద మనకు విపత్తు. నది పక్షాన నిలబడేవారు మాత్రం, నీరు తన దారిన పోవడానికి చోటు వదలకుండా ఒడ్డునే ఇళ్లు కట్టుకున్నది ఎవరని అడగాల్సి వస్తుంది. ఆ మాట అధికారులు తమకు తాముగా అడుగుతారని నేను నమ్మను.

సమాధానం (పశువైద్యుడు, రాజేంద్రనగర్):
న్యాయవాది గారూ, మనిషిని కేంద్రం నుంచి తప్పించే తొందరలో మనిషి దుఃఖాన్ని చిన్నది చేయకూడదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల ముందు కుక్కల హక్కుల గురించి ఉపన్యసించే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. కానీ వీధి కుక్కల సంఖ్య మనం పారేసే చెత్త మీద, మనం సగంలో వదిలేసే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల మీద ఆధారపడి ఉంటుంది. వాటిని చంపాలన్నవారూ, జాలితో అన్నం పెట్టి టీకాల సంగతి పట్టించుకోనివారూ తమ మనసు కుదుటపడటం గురించే ఆలోచిస్తున్నారు. కుక్కకు కావలసింది రేబిస్ టీకా, కాన్పుల నియంత్రణ, తనకు అలవాటైన ప్రాంతం. పిల్లలకు భద్రతనిచ్చేవి కూడా చాలావరకు ఇవే.

సమాధానం (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మాదాపూర్):
సాంకేతికత విషయంలో మన మనిషి కొలబద్ద మరింత స్పష్టంగా బయటపడుతుందని నా అభిప్రాయం. తెలుగులో చక్కగా జవాబిచ్చే ప్రోగ్రాంకు మనసుందేమో అని నా సహోద్యోగులు గంటలకొద్దీ చర్చిస్తారు. సుమారు 50 కోట్ల నాడీకణాలుండి, వాటిలో ఎక్కువ భాగం చేతుల్లోనే పనిచేసే ఆక్టోపస్ గురించి అలాంటి చర్చ జరగదు, ఎందుకంటే అది మనలా మాట్లాడదు. బ్రిటన్ 2022లో ఆక్టోపస్‌లను, పీతలను, రొయ్యలను కూడా సుఖదుఃఖాలు ఎరిగిన జీవులుగా చట్టంలో చేర్చింది. అక్కడ భాషతో పని లేదు, బాధను అనుభవించే లక్షణాలు ఉన్నాయా లేవా అన్నదే పరిశీలించారు. యంత్రానికి మనసుందా అన్న చర్చ అనవసరమని నేను అనను. కానీ ఆ యంత్రాలను నడిపే డేటా సెంటర్లకు విద్యుత్తు కావాలి, చాలాచోట్ల చల్లబరచడానికి నీళ్లూ కావాలి, ఆ నీళ్ల మీద ఆధారపడిన చేపలు, కొంగలు ఆ చర్చలో ఎక్కడా కనబడవు.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. అయినా బాధనే కొలతగా తీసుకుంటే దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి మన దక్కను రాళ్ల సంగతేమిటి? వాటికి నొప్పి లేదు. చేవెళ్ల దారిలోని సుమారు 900 మర్రిచెట్ల విషయంలోనూ ఇదే సందేహం వస్తుంది. రహదారి విస్తరణకు అడ్డొచ్చినవాటిని పెకలించి వేరేచోట నాటితే చెట్ల లెక్క సరిపోతుంది, కానీ ఆ కొమ్మల్లో, తొర్రల్లో, ఊడల సందుల్లో బతికే పక్షులను, ఉడుతలను, కీటకాలను ఎవరూ తరలించరు. వ్యక్తికో జంతువుకో కాకుండా ఒక చోటుకు, అక్కడి బంధాలన్నిటికీ కలిపి విలువ కట్టే పద్ధతి న్యాయవాది గారికి ఎక్కడైనా తారసపడిందా? ఈక్వడార్ 2008 రాజ్యాంగంలో ప్రకృతికి హక్కులున్నాయని తెలుసు, వాటిని అక్కడి కోర్టులు ఒక నిర్దిష్టమైన అడవికి ఎలా అన్వయించాయో వివరంగా రాస్తే మేలు.