రిటైల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ: ఉద్యోగంలో పనికొచ్చేలా ఏం చదవాలి, ఎలా చదవాలి?

రెండో_ఏడు:

అందరికీ నమస్కారం. రిటైల్ బిజినెస్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో రెండో ఏడు మొదలైంది. మొదటి ఏడు అకౌంట్స్, మార్కెటింగ్, వినియోగదారుల ప్రవర్తన, కొంచెం స్టాటిస్టిక్స్ అయిపోయాయి. ఈ ఏడు స్టోర్ ఆపరేషన్స్, మర్చండైజింగ్, సప్లై చైన్ ఉన్నాయి. వీటితో పాటు డేటా అనలిటిక్స్, డిజిటల్ మార్కెటింగ్, సరుకుని కంటికి నచ్చేలా అమర్చే విజువల్ మర్చండైజింగ్‌లలో రెండు ఎంచుకోవాలి. చదువయ్యాక బయ్యింగ్ (దుకాణానికి సరుకు ఎంచి కొనడం) గానీ ప్లానింగ్ (ఏది ఎంత కొనాలో, నిల్వ ఎంత ఉంచాలో లెక్కేయడం) గానీ చేయాలని ఉంది.

ఏ లెక్కలు చూడకుండా చేసేంత వచ్చి ఉండాలి? ఇంటర్న్‌షిప్ స్టోర్‌లో మేలా, హెడ్ ఆఫీసులోనా? ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి అందరూ ప్రశ్నావళి పంచి, పై చార్టులు గీసి ఇచ్చేస్తున్నారు. అది కాకుండా ఏం చేయవచ్చు?

మార్జిన్_లెక్క:

లెక్కల సంగతి నేను చెప్తాను. మార్కప్, మార్జిన్ వేరువేరని అందరికీ తెలుసు, కానీ తొందరలో కలిపేస్తారు. 100కి కొని 150కి అమ్మితే మార్కప్ 50 శాతం, మార్జిన్ 33.3 శాతం. మొదటిది కొన్న ధర మీద లెక్క, రెండోది అమ్మిన ధర మీద. 40 శాతం మార్జిన్ కావాలంటే కొన్న ధరని 0.6తో భాగించాలి. చాలామంది 1.4తో గుణిస్తారు. 60కి కొన్న వస్తువు భాగిస్తే 100 అవుతుంది, గుణిస్తే 84 దగ్గర ఆగిపోతుంది, అప్పుడు మిగిలేది 28.6 శాతమే. ధరలో పన్ను కలిసి ఉంటే ముందు దాన్ని తీసేసి తర్వాతే మార్జిన్ చూడాలి. పన్ను ఆదాయం కాదు.

ఇక డిస్కౌంట్. పై వస్తువుకే 20 శాతం తగ్గించారనుకోండి. ధర 80కి దిగింది, ఒక్కోదాని మీద లాభం 40 నుంచి 20కి పడిపోయింది. ధర తగ్గింది అయిదో వంతు, లాభం పోయింది సగం. ముందు 100 ముక్కలు అమ్మితే 4,000 మిగిలేది. ఆఫర్ వల్ల అమ్మకం ఏకంగా 150కి పెరిగినా చేతికొచ్చేది 3,000. పాత లాభం రావాలంటే 200 అమ్మాలి. అయినా డిస్కౌంట్ తప్పని కాదు. సీజన్ దాటిపోతున్న సరుకులో ఇరుక్కున్న డబ్బు బయటికి తేవడానికి అది కావలసిందే. అక్కడ జరిగే పొరపాటు ఆలస్యం. అమ్మకం ప్లాన్ కన్నా వెనకబడిందని మూడో నాలుగో వారంలో తెలిసినప్పుడు 15, 20 శాతం తగ్గిస్తే కదిలే సరుకు, సీజన్ చివరిదాకా ఆగితే 60 శాతం తగ్గించినా కదలదు. అప్పటికి మిగిలేవి ఎవరికీ సరిపోని సైజులే. అందుకే వచ్చిన సరుకులో ఎంత శాతం అమ్ముడైందో, అంటే సెల్ త్రూ ఎంతో, వారం వారం చూస్తారు.

బయ్యింగ్‌కి వెళ్తారు కాబట్టి జీఎమ్‌ఆర్‌ఓఐ కూడా కావాలి. నిల్వలో పెట్టిన ప్రతి రూపాయికి ఏడాదిలో ఎంత స్థూల లాభం, అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర పోగా మిగిలేది, వచ్చిందన్నది ఇది చెబుతుంది. ఏడాది స్థూల లాభాన్ని సగటు నిల్వ విలువతో, కొన్న ధరలో, భాగించాలి. రెండు వస్తువులకీ ఏడాది అమ్మకం లక్షే అనుకుందాం. మొదటిదానికి మార్జిన్ 50 శాతం, సగటు నిల్వ 50,000. రెండోదానికి మార్జిన్ 20 శాతమే, కానీ నిల్వ 8,000. మొదటిది 1 దగ్గరుంటే రెండోది 2.5. మార్జిన్ ఒక్కటే చూసి రెండోదాన్ని అర మీంచి తీసేస్తే దుకాణానికి దెబ్బే.

చివరగా ఓపెన్ టు బై. ఈ నెల ఇంకా ఎంత కొనడానికి వీలుందో తేల్చే లెక్క ఇది. అంకెలన్నీ అమ్మకపు ధరలో, వేలల్లో. అమ్మకం ప్లాన్ 500, మార్క్‌డౌన్‌లకి, అంటే ధర తగ్గింపులకి, 40, నెలాఖరుకి ఉండాల్సిన నిల్వ 900. మూడూ కూడితే 1,440. నెల మొదట్లో ఉన్న నిల్వ 850 తీసేస్తే 590. ఈ నెల రావలసిన పాత ఆర్డర్లు 320 ఉన్నాయి కాబట్టి మిగిలింది 270. సరఫరాదారుతో మాట్లాడేది కొన్న ధరలో కనుక, 40 శాతం మార్జిన్ మీద ఇది 162. తప్పు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. పాత ఆర్డర్లు మరిచిపోయి 590 మొత్తం కొనేస్తారు. లేదా కొన్ని అంకెలు కొన్న ధరలో, కొన్ని అమ్మకపు ధరలో కలిపేస్తారు. రెండిట్లో ఏది జరిగినా గోడౌన్ నిండిపోతుంది, అసలు కావలసిన సరుకు కొనే వేళకి డబ్బుండదు.

అర_వెనకాల:

పైవారు చెప్పిన లెక్కలన్నిటికీ ఆధారం నిల్వ అంకె. ఆ అంకె తప్పైతే ఏ సూత్రమూ కాపాడదు. కాలేజీలో దీన్ని ఒక్క యూనిట్‌లో ముగించేస్తారు, అదే నా బాధ.

రీఆర్డర్ పాయింట్, అంటే నిల్వ ఎంతకి దిగితే మళ్లీ ఆర్డర్ పెట్టాలన్న అంకె, తీసుకోండి. రోజుకి 12 అమ్ముడవుతాయి, ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి 5 రోజులు. ఆ 5 రోజులకి 60 కావాలి. అమ్మకం రోజూ ఒకేలా ఉండదు కనుక సేఫ్టీ స్టాక్, అంటే ముందుజాగ్రత్త నిల్వ, కలపాలి. రోజువారీ అమ్మకాల ప్రామాణిక విచలనం (సగటు నుంచి అమ్మకం ఎంత అటూఇటూ అవుతుందన్న కొలత) 4 అనుకుంటే, సరుకు అయిపోదన్న 95 శాతం భరోసాకి 1.65 ని 4తోనూ, 5 వర్గమూలంతోనూ గుణిస్తే దాదాపు 15. అంటే నిల్వ 75కి దిగగానే ఆర్డర్ వెళ్లాలి. పరీక్షలో ఇంతే అడుగుతారు. పనిలో మాత్రం ఆ 12 ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి. వారంలో 3 రోజులు సరుకే లేకపోతే, మిగతా 4 రోజుల్లో 48 అమ్ముడైతే, ఏడుతో భాగించిన సగటు 7కి కూడా రాదు. సిస్టమ్ దాన్నే గిరాకీ అనుకొని వచ్చేసారి ఇంకా తక్కువ తెప్పిస్తుంది, మళ్లీ అర ఖాళీ. సరుకు లేని రోజుల్ని పక్కనపెట్టి సగటు తీయాలి.

ఇంకొకటి, కాగితం మీద ఉండి అర మీద లేని సరుకు. దీన్ని ఫాంటమ్ ఇన్వెంటరీ అంటారు. సిస్టమ్‌లో 4 ఉన్నాయి, నిజానికి ఒక్కటీ లేదు. రీఆర్డర్ పాయింట్ 3. అమ్మడానికి లేవు కాబట్టి అంకె 4 నుంచి దిగదు, దిగదు కాబట్టి ఆర్డర్ వెళ్లదు. ఎవరో ఒకరు వెళ్లి చేత్తో లెక్కపెట్టేదాకా ఆ అర ఖాళీయే. దొంగతనం ఒక్కటే కారణం కాదు. ఒకే ధర ఉన్న నీలం, ఎరుపు నోటు పుస్తకాలు రెండు కౌంటర్‌కి వస్తే బిల్లు వేసేవారు నీలందే రెండుసార్లు స్కాన్ చేస్తారు. డబ్బు లెక్క సరిపోతుంది, నిల్వ లెక్క చెడుతుంది. నీలం ఉండాల్సినదాని కన్నా ఒకటి తక్కువ చూపిస్తుంది, ఎరుపు ఒకటి ఎక్కువ. సరుకు దింపుకునేటప్పుడు పెట్టె విప్పకుండా సంతకం చేసినా ఇంతే. అందుకే కొనుగోలు ఆర్డరు, నిజంగా అందిన లెక్క, సరఫరాదారు ఇన్‌వాయిస్ మూడూ సరిపోలాకే చెల్లింపు జరగాలి.

వారాలుగా అమ్మకం సున్నా ఉండి, సిస్టమ్‌లో మాత్రం నిల్వ చూపించే వస్తువుల జాబితా తీస్తే వీటిలో చాలా భాగం దొరికిపోతాయి. మామూలుగా బాగా అమ్ముడయ్యేవాటితో మొదలుపెట్టాలి.

ప్లానోగ్రామ్ (ఏ వస్తువు ఏ అరలో ఎక్కడ ఉండాలో చూపే పటం) క్లాసులో కంటి ఎత్తున ఏం పెట్టాలని చాలాసేపు చెప్తారు. దానికన్నా ముందు చూడాల్సింది ఆ అరలో ఎన్ని పడతాయని. పెట్టెకి 12 వస్తాయి, అరలో 8 పడతాయి అనుకోండి. ఖాళీ అర నింపినా ప్రతిసారీ 4 మిగిలి వెనక గదికి పోతాయి. అక్కడ అవి పోగవుతాయి, నలుగుతాయి, గడువు దాటుతాయి. గడువున్న సరుకులో ముందు వచ్చింది ముందు అన్నది సరిపోదు, ముందు గడువు ముగిసేది ముందు వెళ్లాలి. ఆలస్యంగా వచ్చిన లాట్‌కి గడువు తక్కువ ఉండటం అరుదేం కాదు.

ఇంటర్న్‌షిప్ అంటారా, స్టోర్‌లోనే చేయండి. ఇవి కంటితో చూడకుండా ప్లానింగ్‌లో కూర్చుంటే స్క్రీన్ మీది అంకెని నమ్మేస్తారు.

ప్లానింగ్_బల్ల:

స్టోర్ విషయంలో సగమే ఒప్పుకుంటాను. మూడు నెలలూ బట్టలు మడతపెట్టి, అరలు సర్ది వస్తే బయ్యింగ్ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. 4 నుంచి 6 వారాలు స్టోర్ చాలు. అదీ సీజన్ మారే సమయమైతే మంచిది. సరుకు దింపుకోవడం, ప్లానోగ్రామ్ మార్పు, మార్క్‌డౌన్ లేబుళ్లు, స్టాక్ టేక్ (స్టోర్‌లోని సరుకంతా చేత్తో లెక్కపెట్టడం) అన్నీ ఆ కొద్ది వారాల్లోనే కనిపిస్తాయి. స్టాక్ టేక్ రాత్రి తప్పకుండా ఉంటానని ముందే అడగండి. మిగతా కాలం హెడ్ ఆఫీసు. అక్కడ ఒప్పుకునే ముందు ఏ సిస్టమ్‌లో డేటా చూడనిస్తారు, వారానికి ఒకసారి నా పని ఎవరు చూస్తారు, నేను చేసిన నివేదికతో ఏ నిర్ణయం జరుగుతుంది అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ప్రెజెంటేషన్లకి రంగులు దిద్దే పనే దొరుకుతుంది.

ఐచ్ఛికాల్లో డేటా అనలిటిక్స్ గురించి ఆలోచించక్కర్లేదు, తీసుకోండి. రెండోదానికి సిలబస్ తెప్పించి చూడండి. విజువల్ మర్చండైజింగ్‌లో ప్లానోగ్రామ్, అర స్థలానికి ఎంత అమ్మకం వస్తోందన్న లెక్క ఉంటే అదే మీకు సరైనది. కిటికీ అలంకరణ, రంగుల చక్రం మాత్రమే ఉంటే డిజిటల్ మార్కెటింగ్ మేలు.

స్ప్రెడ్‌షీట్‌లో పివట్ టేబుల్ (వరసల్ని గుంపులుగా కూడి చూపే పట్టిక), సమ్‌ఇఫ్స్ (షరతుకి సరిపోయినవే కూడేది), ఎక్స్‌లుకప్ (ఒక కోడ్ పట్టి దాని వివరం వేరే పట్టికలోంచి తెచ్చేది) చకచకా రావాలి. బార్‌కోడ్ నిలువు వరసని ఫైలు తెరిచేటప్పుడే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. లేకపోతే 13 అంకెల కోడ్ E+12 లాంటి ఘాతాంక రూపంలో కనిపిస్తుంది, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, లుకప్ సగం వస్తువులని పట్టుకోదు. పోయిన ఏడాదితో పోల్చేటప్పుడు తేదీకి తేదీ పెట్టకండి, వారానికి వారం పెట్టండి. నిరుటి 14వ తేదీ ఆదివారమైతే ఈ ఏడు సోమవారం కావచ్చు. 52 వారాలంటే 364 రోజులే కనుక, వారాల క్యాలెండర్ వాడే సంస్థలకి అయిదారేళ్లకోసారి 53వ వారం వస్తుంది. దాన్ని గమనించకపోతే ఆ ఏడు వృద్ధి ఎక్కువగా, మరుసటి ఏడు తక్కువగా కనిపిస్తుంది. కొత్తగా తెరిచిన స్టోర్లని పక్కనపెట్టి పాత స్టోర్ల పెరుగుదల విడిగా చూడటం కూడా అలవాటు చేసుకోండి.

ఇంటర్వ్యూలో తరచుగా వచ్చే ప్రశ్న, అమ్మకాలు 10 శాతం తగ్గాయి, ఏం చేస్తారు? ఆఫర్ పెడతాను అన్న జవాబుతో చాలామంది అక్కడే ఆగిపోతారు. ముందు విడదీయాలి. అమ్మకం అంటే వచ్చినవారు, వారిలో కొన్నవారి శాతం, బిల్లుకి ఎన్ని వస్తువులు, వస్తువు సగటు ధర, ఈ నాలుగింటి గుణకారం. పోయిన నెల 1,000 మంది, 20 శాతం, 2.5 వస్తువులు, ధర 100 అయితే 50,000. ఈ నెల 1,200 మంది వచ్చారు, కొన్నది 15 శాతం, మిగతావి అవే, మొత్తం 45,000. జనం పెరిగారు, అమ్మకం తగ్గింది. ఇక్కడ ప్రకటనకి డబ్బు పెడితే వృథా. సైజులు అయిపోయాయా, కౌంటర్ దగ్గర వరస పొడుగై వదిలేసి పోతున్నారా, ట్రయల్ గదులు చాలట్లేదా అన్నవి చూడాలి. తలుపు దగ్గర వచ్చినవారిని లెక్కపెట్టే యంత్రం సిబ్బందినీ పిల్లలనీ కూడా కలిపేస్తోందేమో ముందు అదీ చూడాలి.

రెండో_ఏడు:

చాలా స్పష్టంగా చెప్పారు. ఒక్క సందేహం. ప్రాజెక్టుకి స్టోర్ వాళ్లు అమ్మకాల డేటా ఇవ్వరు కదా. డేటా లేకుండా నిల్వ మీద ప్రాజెక్టు ఎలా?

అర_వెనకాల:

ఆదాయం, మార్జిన్ అడిగితే ఇవ్వరు. ముక్కల లెక్కలో, ఒక్క అరకి అడిగితే ఇచ్చే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే ఫలితం వారికే పనికొస్తుంది. అడిగేది కాగితం మీద రాసి ఇవ్వండి. ఒకే విభాగం, 30 వస్తువులు, 4 వారాలు, రోజూ తెరిచాక ఒకసారి, సాయంత్రం రద్దీకి ముందు ఒకసారి అర చూస్తాను, సిస్టమ్ నిల్వ అంకె మాత్రం చూపించండి, నివేదికలో స్టోర్ పేరు రాయను అని.

30లో 10 వేగంగా పోయేవి, 10 మధ్యరకం, 10 నెమ్మదివి ఉండేలా చూసుకోండి. అన్నీ వేగంగా పోయేవే తీసుకుంటే ఫాంటమ్ నిల్వ సరిగ్గా బయటపడదు. ప్రతిసారీ అర మీద ఎన్ని, వెనక గదిలో ఎన్ని, సిస్టమ్‌లో ఎన్ని, సమయం రాయాలి. రెండు పూటలు కలిపి రోజుకి 60 పరిశీలనలు. వారానికి ఆరు రోజులు వెళ్లినా నాలుగు వారాల్లో 1,440 వరసలు, పివట్‌కి నిండుగా సరిపోతాయి.

అర ఖాళీగా కనిపించిన ప్రతిసారీ కారణం నాలుగింట్లో ఏదో తేల్చండి. ఆర్డరే వెళ్లలేదు, ఆర్డర్ వెళ్లినా రాలేదు, వెనక గదిలో ఉండి అర మీదికి రాలేదు, సిస్టమ్ అంకె తప్పు. ఏ కారణమో అదే రోజు రాసేయాలి, వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు. వెనక గదిలో ఉండి రానిదైతే సిబ్బంది సమయాలు మార్చడమో అరలో స్థలం పెంచడమో మందు. సిస్టమ్ తప్పైతే వాటిని వారానికోసారి లెక్కపెట్టడం. అర ఖాళీ అయిన గంటలకి మామూలు గంటకి పోయే ముక్కలతో నష్టం అంచనా వేయండి. అది గరిష్ఠ అంచనా అని కూడా రాయండి, ఎందుకంటే కొందరు పక్కనున్న ఇంకో రకం కొంటారు, అంతా నష్టం కాదు.

సిబ్బంది పేర్లు, ఎవరి షిఫ్ట్‌లో ఖాళీ ఎక్కువ అన్నది రాయకండి. అది రాశారని తెలిస్తే రెండో వారం నుంచి మీరు వచ్చే వేళకి మాత్రం అర నిండుగా ఉంటుంది, మీ డేటా అక్కడితో చెడిపోతుంది. అసలు మీరు వెళ్లే సమయాన్ని కూడా రోజూ ఓ అరగంట అటూఇటూ మారుస్తూ ఉండండి.